ప్రవేశం దొరికింది, చోటు దొరికిందా?

చాలా ఏళ్ల క్రితం నేనొక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, మూడేళ్లపాటు అబ్బాయిల హాస్టల్‌కు వార్డెన్‌గా కూడా పనిచేశాను. వారంలో రెండు పూటలైనా మెస్‌లో పిల్లలతో కలిసి తినాలని నియమం పెట్టుకున్నాను. అక్కడ ఒక కుర్రవాడు రోజూ చివరి బల్ల దగ్గర, గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. ఎమ్మెస్సీ మొదటి ఏడు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వాళ్ల వాడ నుంచి విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాడు అతనే. ఒకరోజు నా పళ్లెం తీసుకుని వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. "ఎవరైనా ఏమైనా అన్నారా నాయనా?" అని అడిగాను. "లేదు సార్, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండానే, "నాతో ఎవరూ ఏమీ అనరు సార్" అన్నాడు.

నా గదిలో ఫిర్యాదుల పుస్తకం ఉండేది. అందులో గడులు గీసి ఉండేవి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారు. అతని బాధను ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. రాయడానికి ఏమీ లేదు కాబట్టి చేయడానికీ ఏమీ లేదనుకున్నాను. దసరా సెలవులకు ఊరికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. నెల తర్వాత వాళ్ల మేనమామ వచ్చి సర్టిఫికెట్లు తీసుకెళ్లాడు. నో డ్యూస్ కాగితం మీద నేనే సంతకం పెట్టాను. ఆ విద్యార్థి హాస్టల్‌కు ఏమీ బాకీ లేడని దాని అర్థం. హాస్టల్ అతనికి ఏమైనా బాకీ ఉందా అని అడిగే కాగితం మా దగ్గర లేదు.

ఇప్పుడు ప్రతి విద్యాసంస్థా వైవిధ్యం గురించి, అందరినీ కలుపుకుపోవడం గురించి మాట్లాడుతోంది. ప్రచార పత్రాల మీద రకరకాల ముఖాలు పక్కపక్కన నవ్వుతూ కనిపిస్తాయి. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఆ చివరి బల్ల గుర్తొస్తుంది. ఒక మనిషిని లోపలికి రానిస్తే మన బాధ్యత తీరిపోయినట్టేనా? ముందునుంచీ లోపల ఉన్నవారు కొత్తగా వచ్చినవారికి ఏమి బాకీ ఉంటారు? ఈ ప్రశ్నను చట్టం వైపు నుంచి చాలామంది చర్చించారు. ధమ్మం వైపు నుంచి కూడా చర్చించవలసి ఉంది.

చట్టం తెరిచిన తలుపు

చట్టం చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణం చేరకపోతే మనలో ఎందరి ఇళ్లలో డిగ్రీ పట్టా ఉండేది? 2006 నాటి చట్టం ప్రకారం కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో షెడ్యూల్డ్ కులాలకు 15 శాతం, షెడ్యూల్డ్ తెగలకు 7.5 శాతం, వెనుకబడిన తరగతులకు 27 శాతం సీట్లు వచ్చాయి. ఈ తలుపు ఊరికే తెరుచుకోలేదు. రెండు మూడు తరాల పోరాటం దాన్ని నెట్టింది.

తలుపు లోపల ఏం జరుగుతోందో కూడా దేశానికి తెలియనిది కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితిపై సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. దేశంలోకెల్లా పెద్ద వైద్య విద్యాసంస్థలో, అత్యంత కఠినమైన పరీక్ష రాసి వచ్చిన పిల్లలు, హాస్టల్లో అవమానాలు పడలేక తమవాళ్లు ఉన్న అంతస్తులకు మారిపోతున్నారని ఆ నివేదిక చెప్పింది. ఊరి చివర వాడను దాటి వచ్చినవారికి హాస్టల్లో మరో వాడ తయారైంది.

2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ మాట బహిరంగంగానే వినిపించింది. హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకుని, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. అప్పటికి నెలల తరబడి అతని ఫెలోషిప్ డబ్బు ఆగిపోయి ఉంది. 2019లో ముంబైలో వైద్య విద్యార్థిని పాయల్ తడ్విని కోల్పోయాం. అదే ఏడాది రాధిక వేముల, అబేదా తడ్వి అనే ఇద్దరు తల్లులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. విద్యాసంస్థల్లో వివక్షను అడ్డుకోవడానికి యూజీసీ 2012లోనే నియమావళి తెచ్చింది. ప్రతిచోటా సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని అందులో ఉంది. ఆ నియమాలు కాగితం దాటి సక్రమంగా అమలు కావాలనే ఆ తల్లులు అడిగారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. మన శత్రువులే కాదు, మంచివాళ్లు కూడా ఈ మాట అంటారు: "సీటు ఇవ్వమని చట్టం చెప్పగలదు. పక్కన కూర్చుని మాట్లాడమని ఎలా చెబుతుంది? స్నేహం బలవంతంగా వస్తుందా? మనసులు మారేదాకా ఓపిక పట్టాలి." వినడానికి సబబుగానే ఉంటుంది. ఇరవై ఏళ్ల కింద వార్డెన్ కుర్చీలో కూర్చుని నేనూ ఇదే అనుకున్నాను. తర్వాత వినయపిటకం చదివాక నా తప్పు తెలిసింది.

ఉపాలి ముందు, శాక్యులు వెనుక

ఉపాలి కథ మనందరికీ తెలిసిందే. భద్దియుడు, అనురుద్ధుడు, ఆనందుడు, భగు, కింబిలుడు, దేవదత్తుడు ప్రవ్రజ్య కోసం బయలుదేరినప్పుడు మంగలి ఉపాలి వాళ్ల వెంట ఉన్నాడు. సరిహద్దు దాటాక వాళ్లు నగలు తీసి మూటకట్టి అతనికి ఇచ్చి, ఇక వెళ్లి సుఖంగా బతకమన్నారు. ఈ నగలతో వెనక్కి వెళితే శాక్యులు తనను ప్రాణాలతో ఉంచరని ఉపాలికి తెలుసు. మూటను చెట్టుకు తగిలించి, తానూ వాళ్ల దారినే వచ్చాడు. మల్లుల దేశంలో అనుపియ దగ్గర తథాగతుని ముందు నిలబడి ఆ రాకుమారులు అడిగిన మాట గొప్పది. తాము శాక్యులమని, అహంకారం ఎక్కువని, చాలాకాలం తమకు సేవ చేసిన ఉపాలికి ముందుగా దీక్ష ఇస్తే తాము అతనికి లేచి నిలబడి, చేతులు జోడించి నమస్కరించవలసి వస్తుందని, దానితో తమ శాక్య గర్వం అణుగుతుందని అడిగారు. భగవానుడు అలాగే చేశాడు.

ఈ కథను మనం సాధారణంగా ఉపాలి ఎదుగుదలగా చెప్పుకుంటాం. మంగలి ఉపాలి ప్రథమ సంగీతిలో వినయాన్ని వినిపించిన ఆచార్యుడయ్యాడని గర్వపడతాం. గర్వపడాలి కూడా. కానీ కథలో జబ్బు ఎవరిదో గమనించండి. ఉపాలిలో సరిచేయవలసిన లోపం ఏదీ లేదు. గర్వం శాక్యులది, మందు కూడా శాక్యులకే పడింది. నేటి విశ్వవిద్యాలయాల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. దళిత విద్యార్థికి, ఆదివాసీ విద్యార్థికి ఇంగ్లీషు నేర్పే తరగతులు పెడతారు, 'వ్యక్తిత్వ వికాసం' పేరిట శిక్షణలు ఇస్తారు. ఇంగ్లీషు నేర్పడం మంచిదే. మరి తరగతి మొదటి రోజునే "నీ ర్యాంకు ఎంత?" అని అడిగి పక్క బెంచీకి మారిపోయే కుర్రవాడికి ఏ శిక్షణ ఇస్తున్నాం? అతనికి ఏ లోటూ లేదని ఎవరు తేల్చారు?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. శాక్యుల మనసు మారేదాకా సంఘం ఆగలేదు. ముందు వరుస మారింది. పుట్టుకను బట్టి కాక, దీక్ష తీసుకున్న క్రమాన్ని బట్టి గౌరవం ఇవ్వాలనేది వినయం, అంటే సంఘపు చట్టం. రోజూ లేచి నమస్కరించగా నమస్కరించగా మెడ వంగడం అలవాటవుతుంది. మెడ వంగడం అలవాటైతే మనసుకూ దారి దొరుకుతుంది.

దొరకకపోవచ్చు కూడా. ఆ రోజు ఉపాలికి నమస్కరించిన వరుసలో దేవదత్తుడు కూడా ఉన్నాడు. అందరూ చేసిన నమస్కారమే అతనూ చేశాడు. తర్వాత అతను ఏం చేశాడో మనకు తెలుసు. కాబట్టి నియమం ఒక్కటే చాలుతుందని ధమ్మం ఎక్కడా భ్రమ కల్పించలేదు. నియమం లేకపోతే మాత్రం భద్దియునికి, అనురుద్ధునికి కూడా దారి మూసుకుపోయేది.

ఎవరూ పట్టించుకోని రోగి

"నాతో ఎవరూ ఏమీ అనరు" అన్న కుర్రవాడికి సూటిగా జవాబు చెప్పే ఘట్టం మహావగ్గంలో ఉంది. ఒక భిక్ఖు విరేచనాల జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఆనందునితో కలిసి విహారంలో తిరుగుతున్న భగవానుడు అతన్ని చూశాడు. నిన్ను చూసుకునేవారు లేరా అని అడిగితే, లేరన్నాడు. ఎందుకు లేరంటే, తాను ఇతర భిక్ఖువులకు ఏ పనికీ రానని, అందుకే వాళ్లు తనను చూడరని చెప్పాడు. భగవానుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు.

ఆ భిక్ఖును ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. నా ఫిర్యాదుల పుస్తకంలో రాయడానికి అక్కడా ఏమీ దొరికేది కాదు. అయినా భగవానుడు సంఘాన్ని పిలిపించి నిలదీశాడు. మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. అక్కడితో ఉపదేశం ముగించలేదు, నియమం పెట్టాడు. ఉపాధ్యాయుడు ఉంటే ఉపాధ్యాయుడు, శిష్యుడు ఉంటే శిష్యుడు, ఎవరూ లేకపోతే సంఘమంతా రోగిని చూసుకోవాలి. చూసుకోకపోతే అది దుక్కట దోషం. అంటే పట్టించుకోకపోవడం కూడా తప్పేనని వినయం రాసిపెట్టింది. చేసిన తప్పుకు మాత్రమే గడులు గీసిన నా పుస్తకంలో లేనిది ఇదే.

ఇల్లు వదిలి వచ్చిన పదిహేడేళ్ల పిల్లకు హాస్టల్లో తల్లీ తండ్రీ ఉండరు. గైడు, వార్డెన్, పక్క గది విద్యార్థి, వీళ్లే ఉంటారు. కొత్త విద్యార్థి వరుసగా మూడు రోజులు తరగతికి రాకపోతే కారణం తెలుసుకోవలసింది ఎవరు? ఫెలోషిప్ రెండు నెలలు రాకపోతే కార్యాలయానికి వెళ్లి అడగవలసింది విద్యార్థా, గైడా? ఇవి ఇష్టాయిష్టాల మీద వదిలేసే పనులు కావని, పేరు పెట్టి ఒకరికి అప్పగించవలసిన బాధ్యతలని వినయం మనకు నేర్పుతోంది.

కుండ, కళాశాల, రాజు

కొలంబియాలో చదువుకుని వచ్చిన బాబాసాహెబ్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యారు. అధ్యాపకుల గదిలో ఉన్న కుండలోంచి ఆయన నీళ్లు తాగడానికి వీల్లేదని కొందరు తోటి అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. పదవి దొరికింది, కుండ దొరకలేదు. తర్వాతి రోజుల్లో స్వేచ్ఛ, సమానత్వాలను నిలబెట్టేది తోటిమనిషి పట్ల ఉండే ఆత్మీయతేనని, ఫ్రెంచి విప్లవకారులు వాడిన సోదరభావం అనే మాట దానికి చాలదని, బుద్ధుడు చెప్పిన మైత్రి అనే మాటే సరైనదని ఆయన రాశారు. ఆ కుండను చూసిన మనిషి ఆ మాట రాశాడని మనం మరిచిపోకూడదు.

ఆయన మైత్రి గురించి రాసి ఊరుకోలేదు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో కళాశాల స్థాపించారు. ఔరంగాబాద్ కళాశాలకు మిళింద రాజు పేరు, ఆ ప్రాంగణానికి నాగసేన భిక్ఖు పేరు స్థిరపడ్డాయి. విద్యాలయానికి ఇంతకంటే తగిన జంట దొరకదు. తనతో చర్చించమని మిళిందుడు అడిగినప్పుడు నాగసేనుడు ఒక షరతు పెట్టాడు. పండితుల్లా చర్చిస్తానంటే సరే, రాజుల్లా అయితే కుదరదన్నాడు. పండితుల చర్చలో ఒకరు కాదంటే మరొకరికి కోపం రాదు. రాజుల చర్చలో కాదన్నవాడికి దండన పడుతుంది. మిళిందుడు ఆ షరతుకు ఒప్పుకున్నాకే ప్రశ్నలు మొదలయ్యాయి.

పరిశోధక విద్యార్థి భవిష్యత్తు గైడు సంతకం మీద ఆధారపడి ఉంటుంది. ఇంటర్వ్యూలో వేసే మార్కులు, అధ్యాయం చదివి తిప్పి పంపే సమయం, సిఫారసు ఉత్తరం, అన్నీ ఆయన చేతిలోవే. ఆ గదిలోకి వెళ్లిన విద్యార్థి మాట్లాడుతున్నది పండితుడితోనా, రాజుతోనా? ముందుగా షరతు పెట్టగలిగే స్థితిలో విద్యార్థి ఉండడు. కాబట్టి ఆ షరతును సంస్థే పెట్టాలి. ఫిర్యాదు చేసినవారి పరిశోధన పాడవకుండా గైడును మార్చుకునే వీలు, ఫిర్యాదును విచారించే కమిటీలో ఆ విభాగం పెద్దలు లేకుండా చూడటం, ఇవన్నీ నాగసేనుడి షరతుకు నేటి రూపాలే.

ఎవరి పేరు కరగాలి?

మహానదులన్నీ సముద్రంలో కలిశాక గంగ, యమున అనే పాత పేర్లు వదులుకుని సముద్రమే అయిపోయినట్టు, నాలుగు వర్ణాలవారూ సంఘంలోకి వచ్చాక పాత పేర్లు, గోత్రాలు వదులుకుంటారని తథాగతుడు చెప్పాడు. ఈ ఉపమానాన్ని ఇప్పుడు కొందరు మన మీదికే తిప్పుతున్నారు. "క్యాంపస్‌లో కులం మాట ఎందుకు? అందరం విద్యార్థులమే కదా" అంటారు. అలా అన్నవారి పేరు చివర కులం పేరు తోకలా ఉంటుంది. నదులన్నీ పేరు వదులుకోవాలని ఉపమానం చెబుతోంది. పెద్ద నది పేరు ఉంచుకుని, చిన్న వాగును మాత్రం నీ పేరు ఎత్తకు అంటే అది సముద్రం కాదు. అంబేద్కర్ జయంతి జరుపుకునే విద్యార్థిది కులతత్వమని, కులసంఘం వసతిగృహంలో పెరిగినవాడిది సంప్రదాయమని తీర్పు చెప్పే చోట పేరు వదులుకునే భారం ఒక్కరి మీదే పడుతోంది.

కలిసి ఉండటానికి అందరూ ఒకేలా ఉండాలని కూడా ధమ్మం అడగలేదు. సాక్ష్యం మన కృష్ణ ఒడ్డునే ఉంది. మూడవ శతాబ్దపు విజయపురిలో, మనం నాగార్జునకొండ అని పిలిచే చోట, అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు ఒకే లోయలో వేర్వేరు విహారాల్లో ఉండేవారు. కొన్ని విహారాల్లో బుద్ధ విగ్రహం ఉంది, కొన్నింటిలో స్తూపమే ఉంది. తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం ఉపాసిక బోధిసిరి చైత్యగృహం కట్టించింది. దూరం నుంచి వచ్చినవారి కోసం ఇక్కడి స్త్రీ ఒకరు చోటు కట్టించి, ఆ మాట రాతి మీద చెక్కించింది. మైత్రికి ఇటుకలు, సున్నం, ఖర్చు కూడా కావాలని ఆమెకు తెలుసు. చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్లున్న గ్రంథాలయంలో వికలాంగ విద్యార్థికి స్వాగతం పలికేవారు ఆమెను గుర్తు చేసుకోవాలి.

మన ఇంటి లెక్క

ఇంతవరకు చదివి తలూపిన మిత్రులారా, వేలు ఇప్పుడు మనవైపు తిప్పుకోవాలి. ఉపాలి ముందు శాక్యులను వంచిన సంఘమే మహాప్రజాపతి గౌతమి ముందు ఎనిమిది గరుధమ్మాలు పెట్టిందని అదే వినయపిటకం చెబుతోంది. దీక్ష తీసుకుని నూరేళ్లయిన భిక్ఖుని కూడా ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్ఖుకు నమస్కరించాలన్నది అందులో మొదటిది. ఇవి తర్వాత చేర్చినవని వాదించే పండితులు ఉన్నారు. ఎవరు చేర్చినా, సంఘం వాటిని శతాబ్దాలపాటు మోసింది. ఆమెకు తలుపు తెరుచుకుంది, వరుసలో చోటు మాత్రం చివరే. మంగలి విషయంలో పుట్టుకను పక్కన పెట్టిన కొలబద్దను స్త్రీ విషయంలో పక్కన పెట్టలేకపోయాం.

మన విద్యార్థి సంఘాలు, ధమ్మ సభలు చూడండి. వేదిక మీద ఎందరు స్త్రీలు? అమ్మాయిల హాస్టల్ గేటు చీకటిపడగానే మూసేస్తుంటే, రాత్రి గ్రంథాలయంలో చదువుకునే తమ్ముళ్లు అది తమ సమస్య అనుకున్నారా? మాల, మాదిగల మధ్య, వారికీ వారికంటే చిన్న ఉపకులాలకూ మధ్య పళ్లెం దగ్గర, పెళ్లి దగ్గర మనం ఎంత దూరం వచ్చాం? ఆదివాసీ విద్యార్థి, ముస్లిం విద్యార్థిని, ట్రాన్స్‌జెండర్ విద్యార్థి మన సమావేశానికి వస్తే, కుర్చీ చూపించి వదిలేస్తున్నామా, ఏం మాట్లాడాలో నిర్ణయించేటప్పుడు వాళ్లను అడుగుతున్నామా? మనం అవమానపడ్డవాళ్లం కాబట్టి అవమానించలేమని అనుకోవడం కూడా ఒక గర్వమే. ఇరవై ఏళ్ల కింద ఆ కుర్రవాడి వార్డెన్ శాక్యుడు కాదు. వాడలోంచి వచ్చిన నేనే.

అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు ఒక వనంలో కలిసి ఉన్నప్పుడు, ఎలా ఉంటున్నారని భగవానుడు అడిగాడు. పాలూ నీళ్లలా కలిసి ఉంటున్నామని చెప్పి, ఎలాగో కూడా వివరించారు. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు వేసి, నీళ్లు పెడతాడు. చివర వచ్చినవాడు మిగిలింది తిని, గిన్నెలు కడిగి, చోటు ఊడుస్తాడు. కుండ ఖాళీ అయిందని ఎవరు చూస్తే వారే నింపుతారు. వాళ్ల మైత్రి ఈ పనుల్లోనే ఉంది. ఆ అనురుద్ధుడు, ఆ కింబిలుడు ఒకప్పుడు ఉపాలికి నమస్కరించిన వరుసలోని వాళ్లే.

ఈ జూలైలోనో ఆగస్టులోనో మన ఊళ్ల నుంచి మరో విడత పిల్లలు పెట్టెలు పట్టుకుని హాస్టళ్లకు వెళతారు. అక్కడ చదువుతున్న, పాఠాలు చెబుతున్న ధమ్మ మిత్రులు చాలామంది ఉన్నారు. మెస్‌లో గోడవైపు తిరిగి తింటున్నవారు కనిపిస్తే మీ పళ్లెం తీసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. నేనూ ఒకరోజు కూర్చున్నాను. మర్నాడు మళ్లీ వెళ్లలేదు. మీరు వెళ్లండి.